వదిలేసిన మూడు పాఠాలు

తెల్లారితే జనరల్ సైన్సు పరీక్ష. హైమావతికి ఇంకా మూడు పాఠాలు మిగిలే ఉన్నాయి. విద్యుత్తు, ఆమ్లాలు, మొక్కలు ఆహారం తయారుచేసుకోవడం.

తప్పు ఆమెది కాదు. సైన్సు మాస్టారు దసరా సెలవుల్లో బదిలీ మీద చిలకలూరిపేట వెళ్లిపోయారు. ఆయన చోటికి మరొకరు రానేలేదు. మిగతా సబ్జెక్టులు గట్టెక్కినట్టే. కానీ ఈ ఒక్కటి పోతే పదో తరగతి మొత్తం పోయినట్టే.

పోతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. మేనత్త ప్రేమమ్మ కొడుకును వెంటబెట్టుకుని తాంబూలాల మాట ఎత్తిన రోజునే నాన్న శ్రీమన్నారాయణ తేల్చేశాడు.

"పాసైతే నరసరావుపేటలో ఇంటరు చేర్పిస్తా. హాస్టల్లో ఉండి చదువుకుంటది. తప్పిందా, వైశాఖంలో ముహూర్తం. ఇంక మాటల్లేవ్."

"తప్పితే సెప్టెంబరులో మళ్లీ రాస్తా నాన్నా" అంది హైమావతి తలుపు పక్కనుంచి.

"మొగుడింట్లో కూర్చుని రాసుకుందువులే" అంది మేనత్త. అందరూ నవ్వారు.

నవ్వనిది ఒక్క త్రికోటేశ్వరరావే. ముహూర్తం పెడితే తాళి కట్టేది అతనే.

"నవ్వుతావేందమ్మా? చదవనీయండి మావయ్యా. నాకేం తొందర్లేదు. హైమ కాలేజీకి పోతే నాకు మాత్రం గొప్ప కాదా?"

ఆ మాటకు హైమావతి కళ్లు చెమర్చాయి. బావ ఇంటరు రెండుసార్లు తప్పి, గురజాల సెంటర్లో పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు. అతని నోట అంత పెద్ద మాట వస్తుందని ఆమె అనుకోలేదు.

మాట అని ఊరుకోలేదు కూడా. కొట్టు కట్టేసి, మందు వాసన కొట్టే చొక్కాతోనే వచ్చి వసారాలో కూర్చుని పాఠాలు చెప్పేవాడు. అర్థం కాకపోతే విసుక్కునేవాడు కాదు. గంగాళంలో చెంబు ముంచి, పొర్లిన నీళ్లు చూపించి మరీ ఆర్కిమెడిస్ సూత్రం చెప్పాడు.

"ఈ శ్రద్ధేదో అప్పుడే ఉంటే నువ్వూ పాసయ్యేవాడివిగా కోటీ!" అని అమ్మ ఎకసెక్కమాడితే, "అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరత్తా" అనేవాడు.

పరీక్ష ముందురోజు పొద్దున్నే కొట్టుకు సరుకు తేవాలని నరసరావుపేట వెళ్లాడు. సాయంత్రం ఇంటికి కూడా పోకుండా ఇటే వచ్చాడు.

"బస్సొచ్చి చానాసేపయిందిగా, ఇంతదాకా ఏడున్నావ్?" అంది అమ్మ మంచినీళ్లిస్తూ.

"దారిలో పిల్లకాయలు పట్టుకున్నారత్తా. పరీక్షల గోల."

గ్లాసు కింద పెట్టి హైమావతి వైపు తిరిగాడు. "ఇంకా ఏం మిగిలినయ్?"

ఆమె పుస్తకం తెరిచి చూపించింది. అతను ఆ పేజీలు రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు.

"ఈ మూడూ వదిలెయ్."

"వదిలేస్తే ఎట్టా బావా?"

"పోయినేడు వచ్చినయ్. ఈ ఏడు రావు. పేటలో లెక్చరరు ఒకాయన గట్టిగా చెప్పాడు. చదివినవే ఇంకోసారి చూసుకో. ఇప్పుడు కొత్తవి నెత్తికెక్కించుకుంటే పాతవి దిగిపోతయ్."

"విద్యుత్ గంట ఒక్కటన్నా చూసుకుంటా. బొమ్మ తేలికే."

"నా మాట మీద నమ్మకం లేదా హైమా?"

నవ్వుతూనే అడిగాడు. ఆమెకు సిగ్గేసింది. ఇన్నాళ్లు చెప్పిన మనిషిని ఇప్పుడు అనుమానించినట్టు అవుతుందని పుస్తకం వెనక్కి తిప్పింది.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "ఇయ్యాల ఎవరింటికీ పోమాక. నలుగురు నాలుగు చెప్పి బుర్ర పాడుచేస్తారు. పెందలాడే పడుకో."

ఆమె అలాగే చేసింది.

పొద్దున బడి గేటు దగ్గర దయామణి ఎదురొచ్చింది. ఒకే బెంచీ మీద కూర్చునే స్నేహితురాలు. సైన్సంటే హైమావతి కన్నా ఎక్కువ భయం దానికి. ఇవాళ మాత్రం పెళ్లికి వచ్చినదానిలా ఉంది.

"నీకేం తల్లీ, ఇంట్లోనే బావ ఉన్నాడు!" అంది బుగ్గ గిల్లి.

హైమావతి నవ్వుతూ లోపలికి నడిచింది.

పేపరు చేతికొచ్చింది. 'విద్యుత్ గంట పటము గీచి, పనిచేయు విధానమును వివరింపుము.' మొదటి ప్రశ్నే అది. దాని కింద ఆమ్లాల ధర్మాలు. ఆ కింద ఆకు, ఎండ, పత్రహరితం. వెనక్కి తిప్పితే మళ్లీ అవే పాఠాల్లోంచి చిన్న ప్రశ్నలు. ఆర్కిమెడిస్ ఎక్కడా లేడు.

చుట్టూ పెన్నులు గీసుకుపోతున్నాయి. పరీక్ష మొదలైన కాసేపటికే బల్ల మీద తల వాల్చే వెనక బెంచీ పిల్ల సైతం లేచి అడిషనల్ షీటు అడిగింది. హైమావతి తెలిసిన ముక్కలన్నీ సాగదీసి రాసింది. ఎంత సాగదీసినా పాసు మార్కులకు అందవని ఆమెకు తెలుస్తూనే ఉంది.

బెల్లు కొట్టాక పంపు దగ్గర మొహం కడుక్కుంటుంటే దయామణి పరిగెత్తుకొచ్చింది.

"ఎట్టా రాశావే?"

"పోయిందే. వదిలేసినవే వచ్చినయ్. చదివింది ఒక్కటీ రాలా."

"ఆటలా? నువ్వు రాయకపోవడమేంది!"

"ఒట్టు. నాకు పోయిందానికన్నా బావకెట్టా చెప్పాలా అని ఏడుపొస్తంది. చానా కష్టపడ్డాడే నాకోసం. ఈ మూడు పాఠాల్లోంచే ఇస్తారని ఆయనకు మాత్రం ఏం తెలుసు, పాపం?"

దయామణి మొహంలో నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అదేందే, నిన్న సాయంత్రం బస్సు దిగి ఈ పేపరు మా అందరికీ తెచ్చిచ్చింది మీ బావేగా!"