వినే మనిషి

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఆసుపత్రి వరండాలో కూలబడ్డాడు.

బెంచీ మీది పెద్దాయన లేచొచ్చి, రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఏమైంది బాబూ? ఏదైనా చెడ్డ కబురా?"

"కబురు కాదండీ. ఇది నా గొంతే. నేను చెప్పిందే నేను వింటున్నా."

పెద్దాయనకి ముక్క అర్థం కాలేదు. ఎవరికి మాత్రం అర్థమవుతుంది?

అతను రైలు డ్రైవరు. ఏడాది కిందట ఒక కుర్రాడు అతని బండి కింద పడి చనిపోయాడు. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. వంటింట్లో కుక్కరు విజిల్ వేసినా ఒళ్లంతా చెమటలే. డాక్టరమ్మ కొత్త వైద్యం మొదలుపెట్టింది. ఆ రోజు జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్లు మూసుకుని చెప్పాలి. దాన్ని రికార్డు చేసుకుని రోజూ వినాలి. వినగా వినగా భయం అరిగిపోతుందట. మూడు నెలల్లో తేరుకోకపోతే ఇక ఇంజను ఎక్కనివ్వరు.

"ఇంట్లో వినొచ్చుగా?"

"మా ఆవిడ ఒక్క రోజు విని పుట్టింటికెళ్లిపోయింది. ఒక్కణ్ణీ వినలేక ఇక్కడికొచ్చా."

"ఓస్, ఇంతేనా! నేను కూర్చుంటాలే. నాకూ ఇక్కడ పొద్దు పోక చస్తున్నా."

ఫోను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ విన్నారు. గేటు దాటాక మలుపు. పట్టాల మీద పసుపు చొక్కా. హారన్. బ్రేకు. తర్వాత చప్పుడు.

పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏ గేటు బాబూ?"

"సిమెంటు ఫ్యాక్టరీ గేటు."

ఆయన ఫోను తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. "రేపు కూడా రా" అన్నాడు.

రోజూ పది గంటలకి అదే బెంచీ.

"భయం ఇవాళ వందకి ఎంత?" అని అడిగేవాడు పెద్దాయన, అచ్చం డాక్టరమ్మలాగే.

తొంభై అయిదు. తొంభై. డెబ్బై. వైద్యం పట్టింది.

కానీ వినడం అయ్యాక ఆయన వేసే ప్రశ్న ఒకటుంది. అదే డ్రైవరుకి ఒళ్లు మండించేది.

"హారన్ కొట్టాక ఆ అబ్బాయి ఏం చేశాడు?"

"గుర్తులేదు."

మర్నాడు మళ్లీ.

"నిలబడే ఉన్నాడా? కదిలాడా?"

డ్రైవరు వెళ్లి డాక్టరమ్మకి చెప్పుకున్నాడు. "ఆ ముసలాయన చావు కబుర్లంటే చెవి కోసుకుంటాడండీ."

"ఆయన అడిగేది సరైన ప్రశ్నే. హారన్‌కీ చప్పుడుకీ మధ్య ఏం జరిగిందో మీరు రోజూ దాటేస్తున్నారు. మీ భయమంతా అక్కడే ఉంది" అందావిడ.

ఇరవయ్యో రోజు పెద్దాయన మళ్లీ అడిగాడు. డ్రైవరు ఫోను విసిరికొట్టాడు.

"చూశా! చూశానయ్యా, చాలా? వెనక్కి తిరిగి చూశాడు. పక్కకి దూకబోయాడు. కంకరలో కాలు జారింది. బతకాలనే చూశాడు, నా బండే ఆగలేదు! తృప్తిగా ఉందా? నీ ఇంట్లో ఎవరైనా ఇలా పోయుంటే తెలిసొచ్చేది నీకు! రాబందువయ్యా నువ్వు! ఇంకెప్పుడూ నా పక్కన కూర్చోకు!"

వరండా అంతా తిరిగి చూసింది.

పెద్దాయన రెండు చేతులూ జోడించి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజు డ్రైవరు ఇంటికెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి పడుకుంటే, ఏడాది తర్వాత మొదటిసారి ఆరు గంటలు నిద్ర పట్టింది.

నెల తిరిగేసరికి భయం వందకి ఇరవై. భార్య తిరిగొచ్చింది. ఇంజను ఎక్కడానికి కాగితం చేతికొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. ఆ మాటలు అన్నందుకు సిగ్గుతో చచ్చిపోతూ, క్షమించమందామని ఆసుపత్రికి వెళ్లాడు.

బెంచీ ఖాళీగా ఉంది. నర్సును అడిగాడు.

"ఆయనా? మా వార్డు పేషెంటేనండీ. ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ తీసేసి మరీ వరండాలోకి వెళ్తుంటే రోజూ తిట్టేదాన్ని. పోయిన వారమే పోయారు."

"చివర్లో బాధపడ్డారా?"

"లేదండీ, ప్రశాంతంగా పోయారు. కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడని పోలీసులు రాసేశారట, ఏడాదంతా దానికే కుమిలిపోయారు పాపం. చివరి రోజుల్లో మాత్రం, 'మావాడు చావాలనుకోలేదు, బతకాలని పక్కకి దూకబోయాడు, ఆ బండి నడిపిన బాబే నాతో చెప్పాడు' అని మంచం మంచానికీ వెళ్లి చెప్పుకున్నారు."