నాన్న వేలికి సరిపడా బటన్

నేను యాప్‌లు చేయడం నేర్చుకునే రోజుల్లో తప్పులు పట్టే పని నాన్నది. నా మొదటి యాప్‌లో ఉన్నది ఒకటే బటన్. ఆయన తన స్మార్ట్‌వాచీలో దాన్ని నొక్కితే నా ఫోన్‌లో ‘ఇంక పడుకో’ అని రావాలి. ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసిన ఆ మొద్దు వేలికి అది ఎంత పొడిచినా తగిలేది కాదు.

“చీమ తలకాయంత బటన్ పెట్టావేంటే? కాస్త పెద్దది చెయ్యి,” అని విసుక్కునేవాడు.

“రేపు చేస్తాలే నాన్నా,” అనేదాన్ని.

ఆ రేపు ఆయన పోయిన నాలుగు నెలలకు వచ్చింది. ఈ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, బటన్‌ని వాచీ అద్దం నిండా పరిచేశాను. ఇక వాచీలోకి ఎక్కించడమే మిగిలింది. ఛార్జింగ్ పెడదామని సొరుగు లాగాను. వాచీ నల్లగా, చల్లగా పడి ఉంది. ఎంత నొక్కినా వెలగలేదు.

వెనక బల్ల మీద ఫోన్ బుర్రుమని వణికింది.

‘ఇంక పడుకో.’

వాచీని గుప్పిట్లో పెట్టుకుని ఫోన్ దగ్గరికి వెళ్లాను.

“తగిలిందా నాన్నా?” అని మెల్లగా అడిగాను.

ఫోన్ మళ్లీ వణికింది.