రెక్కల కారు

చాట చేతిలోంచి జారి సరిగ్గా కారు మీదే పడింది.

శివకుమారి గబుక్కున చాట ఎత్తి చూసింది. అరుగు మీద ఆరుతున్న మట్టి కారు. వెనకవైపు నిలబెట్టిన రెండు రెక్కలూ విరిగిపోయాయి. కూతురు తనూజ వారం రోజులుగా తడిగుడ్డ కప్పి, తీసి, మళ్లీ కప్పి చంటిపిల్లలా సాకిన కారు అది. రేపే కర్నూలులో బడిపిల్లల ప్రదర్శన.

అమెరికాలో ఒకాయన కార్లకు రూపం దిద్దేవాడట. ఇనుము ముట్టకముందే నిండు కారంత కారు మట్టితో చేసి, చుట్టూ తిరిగి చూసుకునేవాడట. ఆయన కార్లకు వెనక విమానానికున్నట్టు రెక్కలట. ఐదో తరగతిలో దావీదురాజు సారు ఆ కథ చెప్పినప్పటి నుంచీ తనూజకు అదే లోకం. ప్రదర్శనలో మొదట వచ్చిన బిడ్డను చెన్నై తీసుకుపోయి కార్ల ఫ్యాక్టరీ చూపిస్తారు. షరతు ఒకటే. పెద్దల చెయ్యి పడిందని తేలితే అందరి ముందూ పక్కకు తీసేస్తారు.

శివకుమారి చదువు ఎనిమిదితో ఆగిపోయింది. కూతురి చెన్నై ప్రయాణాన్ని తలచుకుంటేనే ఆమె కడుపు నిండేది. ఇప్పుడు తన చేత్తోనే దానికి గండి కొట్టింది.

బడి వదలడానికి ఇంకా రెండు గంటలుంది. మట్టి ఎద్దుల అమావాస్యకు అత్త గంగక్క ఎద్దులు చేయగా మిగిలిన మట్టి గంపలోనే ఉంది. ఆమె పుట్టిల్లు ఆలూరు వైపు, ఇది అక్కడి పండుగ. ఏటా ఎద్దులు చేసి, పూజించి, మర్నాడు చేని బావిలో కలిపేస్తుంది. ఈసారి తనూజ తన కారుకూ బొట్టు పెట్టించుకుంది. పండుగై మూడు రోజులైంది.

విరిగిన ముక్కలో దూదిపోగులు కనిపించాయి. పగుళ్లు రాకుండా, ఎద్దులు చేసే అవ్వను చూసి తనూజ కలిపినట్టుంది. ఎంత తెలివి నా బిడ్డకు అనుకుంది శివకుమారి. ఆ ముక్కలు చూస్తూ అచ్చం అలాంటి రెక్కలే చేసి అతికించింది.

వెనక అలికిడి. గంగక్క! శివకుమారి చప్పున గుడ్డ కప్పేసింది.

"ఏం చేస్తాండావు కుమారీ ఆడ?"

"ఏం లేదత్తా. తడి ఆరిందేమోనని చూస్తాండా."

మూత పెట్టిన ప్రతి గిన్నెనూ ఎత్తి చూసే మనిషి, ముఖం తిప్పుకుంది. "నాకెందుకులే తల్లీ," అంటూ లోపలికి పోయింది. రెండు రోజులుగా సరిగ్గా తినడం కూడా లేదు. ఒంట్లో బాగాలేదేమో. శివకుమారి మాత్రం బతికిపోయాననుకుంది.

సాయంత్రం తనూజ గుడ్డ తీసింది. "అవ్వా, రెండు దినాల నుంచి చూస్తాండా. నా బండి లావైతాండాది!"

దొరికిపోయాననుకుంది శివకుమారి.

"మట్టి గదా, ఆరేటప్పుడు ఉబ్బుతాది. మూయ్ గుడ్డ," అని గంగక్క కసిరింది. ఆ పూట అత్త దేవతలా కనిపించింది.

మర్నాడు కర్నూలులో, బహుమతులు నిర్ణయించే పెద్దాయన కారు ముందు వంగాడు. "రెక్కలు ఎద్దు కొమ్ముల మాదిరి ఉండాయే! అమెరికా ఆయనక్కూడా తట్టలేదు గదా ఇది. నువ్వే చేసినావా పాపా?"

తనూజ రెక్కల వైపు ఒక్క క్షణం చూసింది. "నేనే సార్."

బిడ్డ చేత అబద్ధం చెప్పించాను, అదీ దానికి తెలియకుండా! మొదటి బహుమతి అన్నప్పుడు చప్పట్లు శివకుమారికి వీపు మీద దెబ్బల్లా తగిలాయి. ఓర్వకల్లు బస్సులో తనూజ చెన్నై గురించే వాగుతుంటే, కిటికీలోంచి రాళ్లగుట్టలు చూస్తూ కూర్చుంది.

ఇల్లు చేరగానే వంటింట్లోకి పోయి అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"పాపం చేసినానత్తా. బిడ్డ కారు నేనే ఇరగ్గొట్టినా. ఆ రెక్కలు నేను పెట్టినవి. ఆ ప్రైజు దానిది కాదు. రేపు పోయి సారుకు చెప్పేస్తా."

పెనం మీద రొట్టె మాడుతోంది.

"ఏడవాకు కుమారీ," అంది గంగక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "బిడ్డ చేసిన బండిని పండగ మర్నాడే ఎద్దులతో పాటు చూసుకోకుండా బాయిలో కలిపేసినా. నువ్వు ఇరగ్గొట్టింది, దాని బదులు నేను చేసి పెట్టిన బండిని."