గోడ కడిగినవాడు

గోడ కడగడానికి వచ్చినవాడు గోడ జోలికే పోకుండా మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

ఆమె వంటింటి కిటికీలోంచి కాసేపు చూసి, బయటికి వచ్చింది.

"బాబూ, నువ్వు తోటపనికొచ్చావా, గోడ పనికొచ్చావా?"

"గోడ పనికేనమ్మా. పాచి మందు చుక్క పడితే ఆకులు మాడిపోతాయి. ముందే నిండా తడిపేస్తే భయం లేదు."

"సరే, కానియ్."

అంతకు మించి ఆరా తీసే ఓపిక ఆమెకు లేదు. ఇల్లు అద్దెకిచ్చేసి తన దగ్గరికి వచ్చెయ్యమని చెల్లెలు రోజూ ఫోను చేస్తోంది. ఇటుక గోడంతా అలా పాచి పట్టి ఉంటే కప్పలు తప్ప ఎవరూ అద్దెకు దిగరని, కడిగే మనిషిని పంపిస్తానని, డబ్బులు తనే ఇస్తానని కూడా చెప్పింది. పొద్దున్నే ఇతను గొట్టాలతో, డబ్బాలతో గేటు ముందు నిలబడ్డాడు. ఆమె గేటు తీసింది.

భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె అంతే. ఎవరొస్తే వాళ్ళకు గేటు తీస్తుంది, వెళ్తే వేస్తుంది.

ఆఫీసుకని బయల్దేరిన మనిషి బస్‌స్టాప్‌లో కుప్పకూలిపోయాడు. ఎవరో ట్యాక్సీలో ఆసుపత్రికి చేర్చారు. ఆమె వెళ్ళేసరికి అంతా అయిపోయింది. చేర్చినతనూ వెళ్ళిపోయాడు.

"చివర్లో ఆయన ఏమైనా అన్నారా?"

నర్సును అడిగింది. ఆ ట్యాక్సీ ఏదో తెలియక, స్టాండులో ఉన్నవాళ్ళందర్నీ అడిగింది. బస్‌స్టాప్ ఎదురుగా ఉన్న మందుల షాపతన్ని అడిగింది.

ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఆమె ఎవరినీ ఏమీ అడగడం మానేసింది. ఏడవనూ లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆమెను ఏడిపించాలని తమ వంతు కృషి చేసి, కుదరక, తామే ఏడ్చి వెళ్ళారు.

అతను మందు చల్లడం మొదలుపెట్టాడు. పసిపిల్లకు నీళ్ళు పోసినంత మెత్తగా, కింది నుంచి పైకి.

"ఆ కాస్త తుంపరకే పోతుందా? గట్టిగా కొట్టరాదూ?"

"గట్టిగా కొడితే ఇటుక పెచ్చులూడిపోద్దమ్మా. సందుల్లో సిమెంటు రాలిపోద్ది. మందు చల్లి ఊరుకోవాలి. నానితే అదే చస్తుంది."

"ఎంతసేపు?"

"అది చచ్చేదాకానమ్మా."

ఆమె నవ్వలేదు. అతను గతుక్కుమని, డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి."

ఆ మాటేమిటో ఆమెకు తెలుసు. మొన్న కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడూ ఇలాగే మొదలుపెట్టి, ట్యాంకు మార్చమన్నాడు. ఇతను ఇంటి పైకప్పు చూపిస్తాడు.

"ఏదున్నా మా చెల్లెలితో చెప్పు బాబూ."

"ఆవిడకు చెప్పేది కాదమ్మా."

"అయితే మరీ మంచిది. ఎవరికీ చెప్పకు."

ఇంతలో ప్రహరీ మీంచి పక్కింటి పిన్నిగారి తల పైకి లేచింది. పార్సిల్ తెచ్చేవాడితో సహా వీధిలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలూ ఆవిడకు కావాలి.

"ఏ ఊరు నాయనా మీది?"

ఆవిడ చేతికి చిక్కాడు కాబట్టి ఇక తన జోలికి రాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం నీళ్ళ చప్పుడు వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది.

అతను తలుపు కొట్టాడు.

"అయిపోయిందమ్మా. చూసుకోండి."

గోడ ఎర్రగా, కొత్తగా ఉంది. బాగుందనిపించాలి కదా అని, బాగుందంది.

"మూలల్లో కొంచెం నాచు మిగిలింది. చచ్చిపోయిందిలెండి, వానలకు రాలిపోద్ది. అమ్మా, ఒక్క మాట..."

"నాకు తలనొప్పిగా ఉంది బాబూ."

అతను ఆమె మొహంలోకి చూశాడు. తల ఊపాడు.

"ఉంటానమ్మా. ఒంట్లో జాగ్రత్త."

ఆమె తలుపు వేసింది.

సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, తిట్టుకోకే. గోడ మనిషి ఈ వారం రాలేడట."

"వచ్చి కడిగి వెళ్ళాడుగా!"

"ఎవరు?"

"నువ్వు పంపినవాడే."

"నేను మాట్లాడినవాడు కాలు బెణికి మంచమెక్కాడే తల్లీ. ఇప్పుడే ఫోను చేసి చెప్పాడు!"

ఆమె ఫోను చేత్తో పట్టుకునే గేటు దాకా నడిచింది. వీధి ఖాళీగా ఉంది.

పిన్నిగారు ప్రహరీ దగ్గరే ఉన్నారు. ఆవిడ ముక్కు ఎర్రబడి ఉంది.

"చెప్పాడా?"

"ఏం చెప్పాలి పిన్నిగారూ?"

"అయ్యో, చెప్పలేదూ! నువ్వు వినిపించుకోవట్లేదని నాతో చెప్పుకున్నాడే. పోయేముందు మరోసారి తలుపు కొట్టమని నేనే పంపాను."

"ఎవరతను? పేరేమిటి?"

"ఏడుపులో పడి అదొక్కటే అడగలేదు. రేపు పని వెతుక్కుంటూ ఇంకో ఊరు పోతున్నాట్ట. పోయేలోపు ఇదొక్కటీ చేసి తీరాలని ఈ చుట్టుపక్కల వీధులన్నీ గాలించాడట. ఇంటాయన పేరూ, పాచి పట్టిన గోడా, అంతే తెలుసు. ఇంటి నంబరు చెప్పేలోపే..."

"ఎవరు చెప్పేలోపే?"

పిన్నిగారు కళ్ళు తుడుచుకున్నారు.

"మీ ఆయనేనమ్మా. ఆ రోజు ట్యాక్సీలో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఈ అబ్బాయేనట, 'ఆ గోడ చూస్తే మా ఆవిడకు ఒళ్ళు మంట, నేను రేపు రేపంటూ గడిపేశాను, నువ్వెళ్ళి కడిగిపెట్టవూ' అని దారంతా బతిమాలుతూనే ఉన్నారట."