నీళ్లే కదా

"నీళ్లే కదయ్యా! దానికి మందు కలపడం, నానబెట్టడం, ఇంత తతంగం దేనికి?" అన్నారు ఇంజినీరుగారు.

ఆయన ఇంజినీరేం కాదు. ఇంటికొచ్చిన ప్రతి పనివాడికీ పని నేర్పుతారని వీధంతా కలిసి పెట్టిన పేరది. అందులోని వెటకారం ఆయన ఒక్కరికే ఇంకా అందలేదు.

మిషనుతో గోడలు కడిగే మనిషి ఓపిగ్గానే చెప్పాడు. పాత రంగు కాబట్టి ధార తగ్గించి పట్టాలనీ, నాచును వదిలించేది మందే కానీ జోరు కాదనీ. ఇదంతా బిల్లు పెంచే ఎత్తని ఇంజినీరుగారు తేల్చేశారు. ధార ఎంత జోరుగా ఉంటే గోడ అంత శుభ్రం, ఆపాటి తెలియదా? మిషను అద్దెకు ఉంచుకుని మనిషిని పంపేశారు.

అసలీ కడుగుడు కూడా భార్య పోరు పడలేకే. ఆ చిలకపచ్చ రంగు ఆయన ముచ్చటపడి వేయించింది. మార్చమని ఆవిడ ఏళ్ల తరబడి ప్రాణాలు తోడేస్తోంది. రంగు నిక్షేపంలా ఉంది, పట్టింది మురికేనని ఆయన వాదన. తన కంఠంలో ప్రాణం ఉండగా ఆ గోడ మీద ఇంకో రంగు పడదని కూడా అనేశారు. "అయితే కడిగించండి" అని ఊరుకుందావిడ.

మిషను లాక్కొస్తుంటే మెట్ల కింద దుప్పటి కప్పినవేవో కాలికి తగిలాయి. పాత సామాన్లు, కదపొద్దంది భార్య.

"ఏమండీ, అతన్నే పిలుద్దాం. మీవల్ల కాదేమో."

"నావల్ల కాదా?"

"పోనీ, ఫుల్లులో మాత్రం పెట్టకండి."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ వద్దన్న పని ఆయన చేయకుండా వదల్లేదు. ఫుల్లులోనే పెట్టారు.

ముందు నాచు పోయింది. ఆయన మీసం దువ్వుకునేలోగా చిలకపచ్చ పెచ్చులు పెచ్చులుగా లేచి సిమెంటు బయటపడింది. సమం చేద్దామని పక్కన పట్టారు, అక్కడా లేచింది. అలా సమం చేస్తూ చేస్తూ ముందుగోడంతా బోడి చేసి పెట్టారు. గేటు దగ్గర జనం పోగయ్యారు. గోడ బాగా తేటపడిందని ఎదురింటాయన మెచ్చుకున్నాడు కూడా.

"రంగు నాసిరకం" అన్నారు ఇంజినీరుగారు, మిషను కట్టేస్తూ.

"అయ్యో, ఇప్పుడెలాగండీ?" అంది భార్య.

ఆవిడ దిగులు మొహం చూసి ఆయన మనసు కరిగింది.

"ఏదో ఒక రంగు నువ్వే చూసి వేయించు. నన్నడక్కు."

ఆవిడ బుద్ధిగా తలూపింది. పెయింటరుకి ఫోన్ చేసి, మెట్ల దగ్గరికి వెళ్లి దుప్పటి తీసింది.

కింద మీగడరంగు పెయింటు డబ్బాలున్నాయి.