ఆది రవిక

“ఆది రవిక ఇచ్చినా గదా, మళ్లా ఒంటి మీద కొలతలెందుకే?”

నాగలక్ష్మమ్మ విసుక్కుంది. కోడుమూరు దర్జీ పెండ్లాం దస్తగిరమ్మ వినిపించుకోకుండా టేపు తీసింది.

“ఆది పాతది రెడ్డెమ్మా. ఒళ్లు మారింటాది. చేతులెత్తు.”

ఊరూరూ తిరిగే ఈమె మీద ఆడవాళ్లందరికీ ఇదే ఫిర్యాదు. ఏ దర్జీ అయినా పాత రవిక ఒకటి ఆదిగా తీసుకుపోయి, దాన్ని చూసి కొత్తది కుడతాడు. ఈమె ఆదీ తీసుకుంటుంది, వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికేసి కొలతలూ తీసుకుంటుంది. అదీ కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి ఎప్పుడు చూసినా కొంగు కిందే. అక్కడ ఏం దాస్తుందోనని, ఆమె పోయాక నాగలక్ష్మమ్మ గిన్నెలు సరిచూసుకునేది.

దస్తగిరమ్మ టేపు కొన పంటితో పట్టుకుని, వేళ్లతో చంక కింద నొక్కింది. కిందికి జరిగి మళ్లీ నొక్కింది. వేళ్లు ఒకచోట ఆగిపోయాయి.

“ఇది ఎన్నాళ్ల నుంచి ఉండాది?”

“ఏది?”

“రేగ్గాయంత గడ్డ. నొప్పి ఉండాదా?”

“ల్యా.”

“నొప్పి లేదని ఊరకుండాకు. రేప్పొద్దున్నే కర్నూలు పెద్దాసుపత్రికి పో.”

నాగలక్ష్మమ్మకు ఒళ్లు మండిపోయింది. టేపు గుంజుకుని, వాకిట్లోకొచ్చి వీధిలోకి విసిరేసింది.

“కొలతల పేరు చెప్పి ఒళ్లంతా తడిమేది కాక, ఈ పాడు మాటలొకటా? మళ్లా మా గడప తొక్కినావంటే కాళ్లిరగ్గొడతా!”

దస్తగిరమ్మ దుమ్ములోంచి టేపు ఏరుకుని, చుట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆమెను ఇంట్లోకి రానీయవద్దని నాగలక్ష్మమ్మ వీధంతా చెప్పి వచ్చింది.

ఆ రోజు నుంచి నాగలక్ష్మమ్మకు స్థిమితం లేదు.

మజ్జిగ చిలుకుతూ ఉంటే చెయ్యి దానంతట అదే అక్కడికి పోయేది. చెనక్కాయలు ఒలుస్తూ లేచి లోపలికి పోయేది, తడుముకుని వచ్చేది. పిల్లల మీద ఊరికే అరిచేది.

“ఏమైందే నీకు?” అన్నాడు మొగుడు ఓబుల్‌రెడ్డి.

“ఏంల్యా.”

దస్తగిరమ్మ చెప్పకముందు లేదు కదా ఈ గడ్డ! దాని పాడునోరు తగిలే వచ్చింది! నాగలక్ష్మమ్మ అలా తేల్చేసుకుంది. తేల్చుకున్నా భయం మాత్రం పోలేదు.

మూడు వారాల తరువాత, మిట్టమధ్యాహ్నం వీధిలో గొంతు వినబడింది.

“పోయొచ్చినావా రెడ్డెమ్మా?”

గడప అవతల ఎండలో దస్తగిరమ్మ. మనిషి సగమైంది.

“కాళ్లిరగ్గొడతానని చెప్పినా గదా!”

“ఇరగ్గొట్టు. పోయొచ్చినాక ఇరగ్గొట్టు. అంతవరకూ ఈడనే కూసుంటా.”

అన్నంత పనీ చేసింది. పొద్దు గూకేదాకా కూర్చుంది. మరునాడూ వచ్చింది. మూడోనాడూ వచ్చింది. నలుగురూ చూసి నవ్వుతుంటే నాగలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈ పీడ వదిలితే చాలని మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కింది.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయి కర్నూలు బోసిపోయిన రోజులవి. ఆసుపత్రి మాత్రం కిటకిటలాడుతోంది. డాక్టరమ్మ గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు మద్రాసు పంపింది. పదిహేను రోజులకు జవాబు వచ్చింది.

“క్యాన్సర్. మీ ఊళ్లో రాచపుండు అంటారే, అది.”

“సస్తానా?”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “చావవు. చంకలోకి పాకలేదు. ఆ పక్క రొమ్ము తీసేస్తే బతుకుతావు. ఇప్పుడు చెప్పు, నీకు దేనికి ఎక్కువ భయం?”

నాగలక్ష్మమ్మ తల దించుకుంది. “మా ఆయప్ప మళ్లా నా మొగం చూస్తాడో లేదో.”

డాక్టరమ్మ ఓబుల్‌రెడ్డిని లోపలికి పిలిచి, అంతా మొదటి నుంచి చెప్పింది. అతను కండువాతో ముఖం తుడుచుకుని, “మనిషి మిగిలితే చాలమ్మా,” అన్నాడు.

“అందరూ పుండై పగిలినాక వస్తారు,” అంది డాక్టరమ్మ. “ఇంత చిన్నగా ఉన్నప్పుడు నీకెవరు చెప్పినారు?”

“ఒక దర్జీ పెండ్లాం.”

“ఈ ఏడాది నువ్వు నాలుగోదానివి. కొలతలు తీసే ఆమె పంపిందనే చెప్తారు అందరూ. ఆమెను ఒకసారి నా దగ్గరికి తీసుకొని రా. మా నర్సులకు నేర్పించాల.”

ఆపరేషన్ అయ్యి, గాయం మానేసరికి నెల పట్టింది. తిరుగు బస్సులో నాగలక్ష్మమ్మ కుదురుగా కూర్చోలేకపోయింది. దుమ్ములో టేపు ఏరుకుంటున్న మనిషే కళ్ల ముందు మెదిలింది. తాను చేసిన పనికి సిగ్గుతో కుంగిపోయింది. కోడుమూరులో బస్సు ఆగీ ఆగకముందే దిగి, దస్తగిరమ్మ మొగుడు జిలాని బాషా అంగడికి నడిచింది.

“మీ రవిక ఎప్పుడో అయిపోయిందమ్మా,” అన్నాడు బాషా మెషిన్ తొక్కుతూనే.

“అది నాకింక పట్టదు బాషా. నా ఆది గూడా పనికి రాదు. దస్తగిరమ్మను పిలువు, కొలతలు తీసుకోమను. ఎంతసేపన్నా నిలబడతా.”

మెషిన్ ఆగింది.

“పోయి ఇరవై దినాలాయమ్మా.”

“యాడికి?”

బాషా మేకుకు వేలాడుతున్న టేపు తీసి, ఆమె ముందు పెట్టాడు. నాగలక్ష్మమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది.

“ఆమె తీసిన కొలతలన్నా ఉండాయా?”

“ఏ పొద్దూ నాకు ఒక్క కొలత చెప్పలేదమ్మా. నేను ఆది చూసే కుట్టేది. ఆమెకు సూదిలో దారం ఎక్కించేది గూడా రాదు.”

“మరి టేపు పట్టుకొని ఊరూరూ ఎందుకు తిరిగింది?”

“రెండేండ్ల కిందట మద్రాసులో ఆమె రొమ్ము చూసి, శానా ఆలస్యమైంది, ఇంక కోసినా లాభం లేదని చెప్పినారమ్మా, ఇంటికొచ్చిన మరుసటి దినమే, వాచిపోయిన ఎడమ చెయ్యి కొంగు కింద దాచుకొని, ఈ టేపు అడిగి తీసుకునింది.”