అగ్గిపెట్టె కొట్టు

“కొట్టంటే తలుపుండాలి, తాళముండాలి. నీ కొట్టేదీ? చూపించవే!”

అలసితాస్ సంత నడిమధ్యలో ఎవులోహియా కూతురి మీద గొంతు చించుకుంది. లా పాస్ ఊరంతా అక్కడే ఉంది. ఆ సంతలో ఏది కావాలనుకుంటే దాని బుల్లిబొమ్మ కొనాలి. మిట్టమధ్యాహ్నం గంట కొట్టగానే ధూపం పట్టించాలి. ఏడు తిరిగేలోగా అసలుది ఇంటికొస్తుంది. ఎవులోహియా అమ్మేది ఆ బొమ్మలే.

“ఇంటర్నెట్లో ఉందమ్మా. అక్కడ అమ్మేవీ నీ బొమ్మలే,” అంది నెలిదా. “ముందు గింజంత ఫోనుకి ధూపం వేయించా. వచ్చిందా లేదా? పోయినేడు బొటనవేలంత లాప్‌టాప్. వచ్చిందా లేదా?”

“వచ్చిందిలే. ఎవరో వాడి పారేసింది!”

“మరి విరిగిన బొమ్మ కొసరుగా ఇచ్చిందెవరు? నువ్వేగా!”

పక్క కొట్టు ఫెర్మిన్ మామ కిసుక్కుమన్నాడు. ఎవులోహియాకి ఒళ్ళు మండింది.

“అయితే విను. పొద్దుగూకేలోగా నీ ఇంటర్నెట్లో ఒక్క బేరం తగలనీ, నీ జోలికి రాను. తగల్లేదా, అది మూసేసి రేపట్నుంచి నా పక్కన పీటేసుకుని కూచో.”

“సరే!”

నెలిదా సంతంతా గాలించింది. ఇళ్ళున్నాయి, లారీలున్నాయి, గోరంత పిండి బస్తాలున్నాయి, డిగ్రీ పట్టాలు కూడా ఉన్నాయి. ఇంటర్నెట్ కొట్టు బొమ్మ మాత్రం లేదు.

“ఏ రంగులో ఉంటుంది తల్లీ?” అడిగాడో బొమ్మలాయన.

“రంగుండదు.”

“గోడలు?”

“ఉండవు.”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

ఉత్తచేతులతో తిరిగొచ్చింది. తల్లి ఒక అగ్గిపెట్టె తీసి, పుల్లలన్నీ ఒళ్ళో గుమ్మరించుకుని, ఖాళీ పెట్టె కూతురి చేతిలో పెట్టింది.

“ఇదిగో నీ కొట్టు! సరుకు లేదు, గల్లా లేదు, మనిషి లేడు. అచ్చం ఇదే!”

కొట్ల వరసంతా పగలబడి నవ్వింది. కొత్తది కట్టబోయేవాళ్ళని చూసి నవ్వడానికి జనానికి ఎప్పుడూ తీరికే. అప్పుడే గంట మోగింది. నెలిదా ఆ పెట్టె పట్టుకునే ధూపం వేసే తాత దగ్గరికి పరిగెత్తింది.

“ఏంటిది?”

“ఇంటర్నెట్ కొట్టు తాతా.”

తాత రెప్ప కూడా ఆర్పలేదు. పెట్టె తెరిచి పొగ ఊదాడు. ఒక పూరేకు వేసి, సారా చుక్క చిలకరించి మూశాడు. “పచమామా, భూమితల్లీ, సిగ్నల్ పోకుండా చూడు,” అన్నాడు.

ధూపానికి వరసలో ఉన్న కుర్రకారు మెడలు సాచారు. “భలే ఉందే! ఎక్కడ కొన్నావు?”

“మా అమ్మ దగ్గర!” అంది నెలిదా ఉక్రోషంగా.

తర్వాత మెట్ల మీద కూచుని ఫోను కేసి చూస్తూ ఉండిపోయింది. వాన వచ్చింది, వెలిసింది. ఫోను పలకలేదు. పొద్దు వాలి, ఎండ కొండ మీదికి ఎక్కింది. రేపట్నుంచి పీటే గతి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టింగ్!

“అగ్గిపెట్టె కొట్టు ఒకటి పంపండి.”

టింగ్! “నాకు రెండు. ధూపం వేసినవే కావాలి.”

నెలిదా నోరు తెరిచింది. తన కొట్లో ఇళ్ళు పెట్టింది, లారీలు పెట్టింది. అగ్గిపెట్టెలు అమ్ముతానని తను ఎక్కడా పెట్టనేలేదు! వీళ్ళకి చెప్పిందెవరు? ఫోను ఆగకుండా మోగుతోంది. పందెం గెలిచానని చెప్పడానికి జనాన్ని తోసుకుంటూ తల్లి దగ్గరికి పరిగెత్తింది.

కొట్టు ముందు గుంపు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. గుడ్డ మీద గుట్టగా అగ్గిపుల్లలు. ఫెర్మిన్ మామ చెమటలు కక్కుతూ మిగిలిన నాలుగు ఖాళీ పెట్టెలూ అందిస్తున్నాడు. ఎవులోహియా పీటెక్కి నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది:

“అయిపోయాయర్రా, ఊళ్ళో అగ్గిపెట్టెలన్నీ అయిపోయాయి! తోసుకోకండి, దొరకనివాళ్ళు ఇంటర్నెట్లో చెప్పండి. అక్కడ మా కొట్టుంది!”